రీమాస్టర్ సీడీ కొనాలా, పాతదే ఉంచుకోవాలా?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీ మేనమామ దుబాయ్‌లో పనిచేసిన రోజుల్లో కొనుక్కున్న సీడీలు మల్కాజ్‌గిరిలో మీ ఇంటి అటక మీద దొరికాయి. వాటిలో ఐరన్ మెయిడెన్ వాళ్ల 1982 ఆల్బమ్ ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’, డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’, లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్, పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఉన్నాయి. మెయిడెన్ ఆల్బమ్‌కి 1998 రీమాస్టర్ కూడా మీరు విడిగా కొన్నారు. కొత్తది పెట్టగానే అదిరిపోయింది, దాని ముందు పాతది చప్పగా అనిపించింది. తీరా ఆల్బమ్ సగానికి వచ్చేసరికి తల బరువెక్కి ఆపేశారు. పాతది మాత్రం రెండుసార్లు వరసగా విన్నా ఏమీ కాలేదు. లోపం నా చెవుల్లో ఉందా, సీడీలో ఉందా, మిగతా మూడింటికీ రీమాస్టర్లు కొనాలా అని అడిగారు.

మీ చెవులకేమీ కాలేదు. మొదటి నిమిషంలో కొత్తది బాగుందని చెప్పిందీ అవే, అరగంట తర్వాత ఇక చాలని చెప్పిందీ అవే. రెండూ నిజమే. ఎందుకో చెప్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియోలో మాస్టరింగ్ చేస్తున్నాను. ఎక్కువగా సినిమా పాటలు, భక్తి పాటలు, ఈమధ్య ఇండీ బ్యాండ్లవి. రాక్ సీడీలు కొనడం కాలేజీ రోజుల నుంచి ఉన్న అలవాటు. ఒకే ఆల్బమ్‌కి మూడు నాలుగు ముద్రణలు నా దగ్గర ఉన్నాయి. అవన్నీ పక్కపక్కన పెట్టి విన్నాక నాకు అర్థమైంది ఒక్కటే. రీమాస్టర్ అంటే పాత సీడీకి మెరుగైన రూపం అని మనం అనుకుంటాం. అది కేవలం ఇంకొక మనిషి, ఇంకొక రోజున, ఏదో ఒక టేపు దగ్గర కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఆ మనిషి ఎవరు, ఆ టేపు ఏది అన్నదాన్ని బట్టే మంచీ చెడూ. అట్ట మీద ఉన్న ‘రీమాస్టర్డ్’ అనే మాట ఈ రెండింటిలో ఒక్కటీ చెప్పదు.

పైగా ఆ మాట కింద వేరే వేరే పనులు దాక్కుంటాయి. బ్యాండ్ వాయించినప్పుడు డ్రమ్స్, గిటార్, గొంతు వేరే వేరే ట్రాకుల్లో రికార్డవుతాయి. వాటిని కలిపి రెండు ఛానళ్ల స్టీరియో చేయడం మిక్సింగ్. ఆ స్టీరియో టేపుని తీసుకుని సౌండ్ లెవెల్, బేస్, ట్రెబుల్ సరిచూసి డిస్క్‌కి సిద్ధం చేయడం మాస్టరింగ్. రీమాస్టర్ అంటే ఈ రెండో పని మళ్లీ చేయడమే. రీమిక్స్ అంటే అసలు ట్రాకుల దగ్గరికి వెళ్లి మళ్లీ కలపడం. జీజీ టాప్ వాళ్ల డెబ్బైల నాటి ఆల్బమ్స్‌ని 1987లో సీడీకి తెచ్చినప్పుడు డ్రమ్స్ సౌండే మార్చేసి, ఎనభైల ఎకో కలిపి రీమిక్స్ చేశారు. వాటిలో ఒకటైన ‘ట్రెస్ ఓంబ్రెస్’ అసలు మిక్స్ సీడీ మీద కావాలంటే అభిమానులు 2006 దాకా ఆగాల్సి వచ్చింది. ఓజీ ఆస్బోర్న్ మొదటి రెండు సోలో ఆల్బమ్స్‌కి 2002లో జరిగింది ఇంకా ఘోరం. అసలు బేస్ గిటార్, డ్రమ్స్ తీసేసి వేరేవాళ్ల చేత కొత్తగా వాయించి అతికించారు. 2011లో గానీ పాతవి తిరిగి రాలేదు. ఆ మధ్య కొన్నవాళ్లకి చేతికొచ్చింది సగం వేరే బ్యాండ్. అందుకే కొనే ముందు సంవత్సరం చూడమని అందరికీ చెప్తుంటాను.

ఇక మీ తలనొప్పి సంగతి. డిజిటల్ డిస్క్‌లో సౌండ్‌కి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటడానికి లేదు. మన కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఏమవుతుందో మీకు తెలుసు. నేల లేస్తుంది, ఇంటి ముందు గేటు దూలం ఉన్నచోటే ఉంటుంది. చివరికి పొడుగువాళ్లు తల వంచి లోపలికి రావాలి. పాటలోనూ అంతే. డ్రమ్ దెబ్బ పడిన క్షణం ఉంటుందే, అదే పొడుగు మనిషి. పాట మొత్తం గట్టిగా వినిపించాలని కింద నుంచి లెవెల్ లేపుకుంటూ పోతే ఆ దెబ్బ పైకప్పుకి తగులుతుంది. అప్పుడు లిమిటర్ అనే సాధనంతో దాని తల నరుకుతారు. సగటు పెరుగుతుంది, దెబ్బ పోతుంది.

బోనాలప్పుడు ఊరేగింపు మీ వీధిలోకి వస్తున్నప్పుడు గుర్తు తెచ్చుకోండి. ముందు ఎక్కడో దూరంగా డప్పు. మలుపు తిరిగాక ఒక్కసారి పెరుగుతుంది. ఇంటి ముందుకొచ్చి తీన్మార్ అందుకునేసరికి ఛాతీలో మోగుతుంది. ఆ దూరానికీ ఈ దగ్గరకీ మధ్య తేడాని మేము డైనమిక్ రేంజ్ అంటాం. దూరంగా ఉన్నప్పుడు కూడా ఇంటి ముందున్నంత గట్టిగానే వినిపిస్తే ఊరేగింపు వస్తున్నట్టు ఉండదు, రాత్రంతా ఎదురింట్లో స్పీకర్ పెట్టినట్టు ఉంటుంది. చెవికి విశ్రాంతి దొరకదు. మీ తల బరువెక్కింది అందుకే.

మీ దగ్గర రెండు డిస్కులూ ఉన్నాయి కాబట్టి చివరి పాట ‘హ్యాలోడ్ బీ దై నేమ్’ వినండి. నేను ఆదివారం పొద్దున్న, ఇంట్లో కుక్కర్ కూతలు మొదలుకాకముందే, ఈ పాటని రెండు ముద్రణల్లోనూ పక్కపక్కన పెట్టి విన్నాను. మొదట గంట మోగుతుంది. వెనక గిటార్ మెల్లగా. బ్రూస్ డికిన్‌సన్ జైలు గదిలో కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు పాడతాడు. ఆ తర్వాత బ్యాండ్ మొత్తం ఒక్కసారి వచ్చి పడుతుంది. పాత సీడీలో ఆ గంట నిజంగా దూరంగా ఉంది, నేను కుర్చీలో కొంచెం ముందుకి వంగి విన్నాను. బ్యాండ్ వచ్చినప్పుడు వెనక్కి ఆనుకున్నాను. క్లైవ్ బర్ కొట్టే స్నేర్ డ్రమ్ ఒక్కో దెబ్బా విడిగా, కర్ర చర్మానికి తగిలినట్టు వినిపించింది. 1998 దాంట్లో గంటే ముందుకొచ్చి కూర్చుంది. బ్యాండ్ వచ్చినప్పుడు గిటార్లు పెద్దవయ్యాయి గానీ స్నేర్ వాటి వెనక దిండు మీద కొట్టినట్టు ఉంది. ఒళ్లు ముందుకి వంగాల్సిన పని రాలేదు, వెనక్కి ఆనుకోవాల్సిన పనీ రాలేదు.

కళ్లతో చూడాలంటే రెండు డిస్కుల్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అది ఉచితంగా దొరుకుతుంది. పాత దాంట్లో పాట బొమ్మ కోత కోయని మొక్కజొన్న చేనులా ఉంటుంది, ఎత్తూ పల్లం కనిపిస్తుంది. కొత్త దాంట్లో పైనా కిందా కత్తిరించిన క్రోటన్ కంచెలా ఉంటుంది. అయితే బొమ్మ చూసి తీర్పు చెప్పేయకండి, చివరి మాట చెవిదే.

ఈ జబ్బు ఎలా వచ్చిందో నాకు బయటినుంచి తెలిసింది కాదు, నా చేతులతో చేశాను. చాలా ఏళ్ల క్రితం ఒక పాటకి మాస్టరింగ్ చేసి ఇచ్చాను. రెండు రోజులకి ఆ పాట తాలూకు మనిషి ఫోన్ చేసి, వేరే సినిమా పాట తర్వాత మనది వస్తే డల్‌గా వినిపిస్తోంది, పెంచండి అన్నాడు. పెంచాను. ఇంకా అన్నాడు. ఇంకా పెంచాను. మూడోసారి లిమిటర్ మీద చెయ్యి వేసినప్పుడే తబలా ఒత్తు చచ్చిపోతోందని వినిపించింది. డెడ్‌లైన్ టెన్షన్‌లో పంపించేశాను. తర్వాత ఆటోలో వెళ్తుంటే ఎఫ్ఎంలో అదే పాట వచ్చింది. ఎఫ్ఎం వాళ్లు అన్ని పాటల్నీ తమ సొంత లిమిటర్‌లోంచి పంపించి ఒకే లెవెల్‌కి తెస్తారు. అంటే మేము పెంచినదంతా అక్కడ వృథా. మిగిలింది చచ్చిన తబలా. ఆ తబలా వాయించినాయన ఆ రోజు స్టూడియోలో నాలుగు గంటలు కూర్చుని ఒత్తు ఒత్తుకీ శ్రద్ధ పెట్టి వాయించాడు. అది నేను మర్చిపోలేదు.

అందుకే ఎవరినో తిట్టాలని ఇదంతా రాయడం లేదు. తొంభైల చివర నుంచి అన్నిచోట్లా ఇదే ఒత్తిడి. మెటాలికా 2008 ఆల్బమ్ ‘డెత్ మ్యాగ్నెటిక్’ సీడీలో సౌండ్ పగులుతోందని, అదే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో శుభ్రంగా ఉన్నాయని అభిమానులే కనిపెట్టారు. కెనడా బ్యాండ్ రష్ 2002లో తెచ్చిన ‘వేపర్ ట్రెయిల్స్’ని చివరికి 2013లో మొత్తం రీమిక్స్ చేయించుకోవాల్సి వచ్చింది.

దీన్ని బట్టి పాత సీడీ అంటే బంగారం అనుకుంటే అదీ పొరపాటే. 1982లో సీడీ వచ్చాక కంపెనీలు హడావిడిగా పాత ఆల్బమ్స్ అన్నిటినీ డిస్క్‌కి ఎక్కించాయి. చేతికి ఏ టేపు దొరికితే అది వాడినవి చాలా ఉన్నాయి. ఎల్పీ రికార్డు మీద గాడి కోయడానికని బేస్ తగ్గించి, కాపీకి కాపీ తీసిన టేపు నుంచి చేసిన సీడీ పల్చగా, కాస్త బూజు పట్టినట్టు వినిపిస్తుంది. అలాంటి వాటికి మంచి రీమాస్టర్ నిజంగా మేలు చేసింది. బీటిల్స్ సంగతే చూడండి. 1987 సీడీల తర్వాత ఇరవై రెండేళ్లకి, 2009 సెప్టెంబర్ 9న, అన్నీ ఒకేసారి మళ్లీ విడుదల చేశారు. ఆబీ రోడ్ స్టూడియో ఇంజనీర్లు నాలుగేళ్లు కూర్చున్నారు. స్టీరియో డిస్కుల్లో కొద్దిగా లెవెల్ పెంచారు, మోనో (ఒకే ఛానల్) సెట్‌లో లిమిటర్ జోలికే పోలేదు. ఆ మోనో డిస్క్ విన్న రోజు బీటిల్స్ డ్రమ్మర్ రింగో డ్రమ్స్ అంత దగ్గరగా నేను ఎప్పుడూ వినలేదని అనిపించింది. రీమాస్టర్ అంటే ఇలా ఉండాలి.

ఇంకొకటి, పాత టేపులు ముసలివవుతున్నాయి. డెబ్బైల, ఎనభైల నాటి కొన్ని రకాల టేపులకి లోపలి జిగురు తేమ పీల్చుకుని కారుతుంది. మెషిన్ మీద పెడితే టేపుని చదివే హెడ్‌కి అతుక్కుని కీచుమంటుంది. వాటిని దాదాపు 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి సన్నగా వేడి చేసి, ఆరబెట్టి, ఆ తర్వాత ప్లే చేసి కాపీ తీసుకోవాలి. కాబట్టి కొత్తగా చేసినప్పుడల్లా టేపు ఇంకా బాగుంటుందని లేదు. ఒక్కోసారి ముప్ఫై ఏళ్ల క్రితం తీసిన కాపీలోనే ఆ సౌండ్ క్షేమంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష ఎలా చేయాలో చెప్తాను. మీరు చేసిన పొరపాటు అందరూ చేసేదే. వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా రెండు డిస్కులు మార్చి మార్చి విన్నారు. కొంచెం గట్టిగా ఉన్నదాన్ని మన చెవి ‘గట్టిగా ఉంది’ అనుకోదు, ‘బాగుంది’ అనుకుంటుంది. తక్కువ సౌండ్‌లో బేస్, ట్రెబుల్ రెండూ చెవికి తక్కువగా అందుతాయి, సౌండ్ పెరిగితే రెండూ లేస్తాయి. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి గ్రాఫ్ గీశారు. ఒక డెసిబెల్ తేడా ఉన్నా పోటీ సమానం కాదు. కంప్యూటర్‌లో ఫూబార్ ప్లేయర్ వేసుకుని, రీప్లేగెయిన్ అనే సదుపాయంతో రెండు ఫైళ్లనీ స్కాన్ చేయండి. అది రెండింటి లెవెల్ సమానం చేసి వినిపిస్తుంది. అప్పుడు వినండి. చప్పగా ఉందన్న పాత డిస్కే లేచి నిలబడుతుందని నా నమ్మకం. ఏది ఏదో తెలియకుండా వినాలంటే దానికే జతచేసుకునే ఏబీఎక్స్ పరీక్ష ఉంది. ఒక్క పాటతో ఆపకండి, ఆల్బమ్ మొత్తం వినండి. అలసట అరగంటకి గానీ బయటపడదు.

మీరు స్పాటిఫైలో కూడా పోల్చి చూశానని రాశారు. అక్కడ పాటలన్నిటినీ ఒకే లెవెల్‌కి తెచ్చే నార్మలైజేషన్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. గట్టిగా చేసిన పాటని అది కిందికి దించేస్తుంది, నా ఆటో కథలో ఎఫ్ఎం చేసినట్టే. అది ఆన్‌లోనే ఉంచండి. కాకపోతే అక్కడ సాధారణంగా దొరికేది చివరిగా వచ్చిన రీమాస్టరే.

ఒక జాగ్రత్త. ఎనభైల మొదట్లో జపాన్‌లో అచ్చయిన కొన్ని సీడీల్లో ప్రీ-ఎంఫసిస్ అనే పద్ధతి ఉంది. ట్రెబుల్ పెంచి ముద్రించి, ప్లేయర్‌లో దాన్ని తిరిగి తగ్గిస్తారు. మామూలు సీడీ ప్లేయర్ ఆ పని తనంతట తాను చేస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఆ తగ్గింపు జరగకపోవచ్చు. మీ మేనమామ సీడీల్లో ఏదైనా ప్లేయర్‌లో బాగుండి, కంప్యూటర్‌లో మాత్రం పళ్లు జివ్వుమనేలా కీచుగా ఉంటే డిస్క్‌ని తప్పుపట్టకండి, సాఫ్ట్‌వేర్‌లో డీ-ఎంఫసిస్ వేసి చూడండి.

ఇక మీ నాలుగు ఆల్బమ్స్ గురించి.

మెయిడెన్: పాతది ఉంచుకోండి. 1998 దాంట్లో ‘టోటల్ ఎక్లిప్స్’ అనే పాట అదనంగా ఉంది, ఆ పాట కోసం డిస్క్ పక్కన పెట్టుకోవచ్చు. కొత్తదే కావాలంటే 2015లో చేసి 2018లో సీడీగా తెచ్చిన రీమాస్టర్ వెతకండి. 1998 కన్నా అందులో డ్రమ్స్‌కి ఊపిరి ఆడుతుంది.

డైర్ స్ట్రెయిట్స్: కొనకండి. 1985లోనే డిజిటల్‌గా రికార్డ్ చేసిన ఆల్బమ్ అది, సీడీని దృష్టిలో పెట్టుకునే చేశారు. సీడీలో కొన్ని పాటలు ఎల్పీ కన్నా పొడుగ్గా ఉండటం కూడా అందుకే. 1996 రీమాస్టర్ చెడ్డదేమీ కాదు, గట్టిగా ఉంటుంది అంతే. మీ దగ్గరున్న పాత డిస్క్‌లో ‘మనీ ఫర్ నథింగ్’ మొదలు పెట్టి నాబ్ కొంచెం పెంచండి. డ్రమ్స్ పేరుకుంటూ పేరుకుంటూ వచ్చి గిటార్ విరుచుకుపడే ఆ చోటు కోసమే నేను కొత్త స్పీకర్లు కొన్నప్పుడల్లా ఈ డిస్క్ జేబులో పెట్టుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తాను. స్పీకర్ పరీక్షకి ఇంతకన్నా మంచి డిస్క్ నాకు దొరకలేదు.

జెప్పెలిన్: ఇక్కడ మాత్రం కొనమంటాను. 1990లో బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్, మాస్టరింగ్ ఇంజనీర్ జార్జ్ మరీనో కలిసి ఒకసారి చేశారు. 2014లో పేజ్ దగ్గరుండి ఇంకో ఇంజనీర్ జాన్ డేవిస్‌తో మళ్లీ చేయించాడు. ఆ పాటలకి గిటార్ వాయించి, ప్రొడ్యూస్ చేసిన మనిషే పక్కన కూర్చుంటే ఎంత తేడా ఉంటుందో అందులో తెలుస్తుంది. కొంచెం గట్టిగా ఉంది, కానీ ‘వెన్ ద లెవీ బ్రేక్స్’లో డ్రమ్స్ చచ్చిపోలేదు. ఆ డ్రమ్స్‌ని హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల కింది హాల్లో పెట్టి, మైకులు పైన వేలాడదీసి రికార్డ్ చేశారు. దెబ్బ తర్వాత ఆ హాలు మోగే మోత వినిపించాలి. ఏ ముద్రణ అయినా సరే, ఆ మోత వినిపిస్తే మంచిది, దెబ్బా మోతా కలిసిపోతే వదిలేయండి.

ఫ్లాయిడ్: దీనికి ముద్రణలు చాలా ఉన్నాయి. ఎనభైల జపాన్ సీడీ, ఇంజనీర్ డగ్ శాక్స్ 1992లో చేసినది, 2003లో వచ్చిన హైబ్రిడ్ డిస్క్, ఇంజనీర్ జేమ్స్ గత్రీ 2011లో చేసినది. 2003 దాంట్లో ఒకే డిస్క్‌లో రెండు పొరలు. ఎస్ఏసీడీ పొర (దానికి ప్రత్యేక ప్లేయర్ కావాలి) బాగుంటుంది, మామూలు ప్లేయర్‌లో వినిపించే సీడీ పొరని మాత్రం నొక్కేశారు. మీది మామూలు ప్లేయర్ కాబట్టి దానికి డబ్బు పెట్టొద్దు. ఆల్బమ్ గుండె చప్పుడుతో మొదలవుతుంది. మీ పాత డిస్క్‌లో ఆ చప్పుడు దాదాపు నిశ్శబ్దంలోంచి పుట్టుకొస్తుంటే మీకు ఇంకొకటి అక్కర్లేదు.

మీరు రోజూ కారులో ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వెళ్తానని కూడా రాశారు. కారు కోసమైతే నా సలహా వేరు. హారన్ల మధ్య, ఏసీ మోతలో ఆ గుండె చప్పుడు వినపడదు, సౌండ్ పెంచితే తర్వాత వచ్చే గడియారాల మోతకి ఉలిక్కిపడతారు. అక్కడికి 1998 మెయిడెన్ చక్కగా సరిపోతుంది. నేనూ కారులో అలాంటివే పెట్టుకుంటాను.

చివరగా కొనడం గురించి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్యా, ఎర్రగడ్డ సంతలోనూ అప్పుడప్పుడు పాత సీడీలు దొరుకుతాయి. డిస్క్ తిప్పి చూడండి. అడుగు ఊదారంగులోనో పచ్చగానో మెరిస్తే అది ఇంట్లో కంప్యూటర్‌లో రాసినది, వద్దు. వెండిలా ఉంటే మధ్య చిల్లు చుట్టూ ఉన్న ఉంగరాన్ని ఎండకి ఏటవాలుగా పట్టుకుని, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవండి. అక్కడ ఐఎఫ్‌పీఐ అనే అక్షరాలు ఉంటే ఆ డిస్క్ 1994లోనో ఆ తర్వాతో అచ్చయినది, ఎందుకంటే ఆ కోడ్ మొదలైంది ఆ ఏడే. లేకపోతే అంతకుముందుది అయ్యే అవకాశం ఎక్కువ. అట్ట మీద 1985 అని ఉన్నా నమ్మకండి, అది పాట హక్కుల సంవత్సరం కావచ్చు. మీ మేనమామ సీడీలు నాలుగింటికీ ముందు ఈ ఉంగరం చూసి, అక్కడున్న నంబర్లు ఇక్కడ రాయండి. జెప్పెలిన్‌ది ఏ ముద్రణో తెలిస్తే, 2014ది నిజంగా కొనాలో వద్దో ఇంకా కచ్చితంగా చెప్తాను.